రెండో టేకు లేని మనిషి

నాకు పొగడటం చేతకాదు. జమ్మలమడుగు బస్టాండుకు ఎదురుగా ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు నాది. పద్దెనిమిదేళ్లుగా పొద్దున లేచింది మొదలు ‘పేదల పెన్నిధి’, ‘యువ కెరటం’, ‘అభివృద్ధి ప్రదాత’ అని అచ్చు కొట్టి కొట్టి, పొగడ్త అంటేనే మొహం మొత్తింది. ఆ పెన్నిధి ఎవరో, ఆ పేదలెవరో నాకు బాగా తెలుసు. అందుకే ఎవరి గురించైనా నాలుగు మంచి మాటలు రాయమంటే నా చెయ్యి ముందుకు పోదు. అలాంటివాణ్ని, ఈ రోజు షట్టరు సగం దించుకుని కూర్చుని ఒక మనిషి గురించి రాస్తున్నాను. నా షాపు పక్క గదిలో ఉండే వీడియో కంబన్న గురించి.

కంబన్నకు యాభై ఆరేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎదుటి మనిషి ఫ్రేములో సరిగ్గా పడలేదన్నట్టు ఎప్పుడూ కొంచెం పక్కకు వంగి చూస్తాడు. ముప్పై ఏళ్లకు పైగా ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లు చాలావరకు ఆయన కెమెరాలోనే పడ్డాయి. క్యాసెట్ల కాలంలో పెళ్లికూతురిని తామరపువ్వులోంచి పైకి లేపి, పెళ్లికొడుకుని చందమామలోంచి కిందికి దింపి, ఇద్దరినీ కలిపి హృదయం బొమ్మలో గిరగిరా తిప్పింది ఈయనే. నా పెళ్లి క్యాసెట్‌లో నేను పావుగంట సేపు ఒక యాపిల్ పండులో ఉన్నాను. అందులోంచి ఎందుకు బయటికి వచ్చావని నా భార్య ఇప్పటికీ అడుగుతుంది. ఆ కోపం నాకు కంబన్న మీద చాలా ఏళ్లు ఉండింది.

ఆయనకొక వింత అలవాటు. మధ్యాహ్నం పని లేనప్పుడు టీవీలో కొత్త పాటలు పెట్టుకుంటాడు, శబ్దం పూర్తిగా ఆపేసి. పక్కన ఒక డబ్బాలో చింతపిక్కలు. తెర మీద షాటు తెగి బొమ్మ మారిన ప్రతిసారీ ఒక పిక్క తీసి నేల మీద పెడతాడు. నాలుగు నిమిషాల పాటకు ఒకసారి నూట ఎనభై పిక్కలు లేచాయి. ఇంకో పాటకు పదకొండే.

“శబ్దం లేకుండా పాట చూసేదేంది కంబన్నా? పిచ్చి గాని పట్టిందా?” అన్నాను.

“సౌండు పెడితే కన్ను సోమరిదైపోతాది శేఖరా. పాట బాగుంటే బొమ్మ గూడా బాగుండాదనుకుంటాం. నోరు మూసి సూడు, ఎవురు కష్టపడినారో తెలుస్తాది” అన్నాడు. పిక్కలు డబ్బాలోకి ఎత్తుతూ, “ఆ పదకొండు పిక్కలోళ్లే మొనగాళ్లు. వాళ్లకు దాంకునేదానికి చోటు లేదు” అని కూడా అన్నాడు.

అలా చూసి చూసి ఆయన నేర్చుకున్న విద్యలు ఇన్నీ అన్నీ కావు. ఒక పాటలో అమ్మాయి జుట్టు, పైట నీళ్లలో తేలినట్టు నెమ్మదిగా కదులుతాయి. పెదాలు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. జుట్టు నెమ్మదైనప్పుడు పెదాలు కూడా నెమ్మది కావాలి కదా? మూడు నెలలు తల బద్దలు కొట్టుకున్నాడు. చివరికి కనిపెట్టాడు. తీసేటప్పుడు పాటను రెట్టింపు వేగంతో మోగిస్తారు, అమ్మాయి కూడా అంతే వేగంగా పెదాలు ఆడిస్తుంది, తర్వాత బొమ్మను సగం వేగానికి తగ్గిస్తారు. దాన్ని పరీక్షించడానికి నన్ను షాపు ముందు నిలబెట్టి రెట్టింపు వేగంతో పాడించాడు. గింజలు ఏరుకునే కోడిలా నేను తల ఆడిస్తుంటే బస్టాండు మొత్తం చూసింది. తెర మీద మాత్రం నేను హీరోలాగే ఉన్నాను, ఆ మాట ఒప్పుకోవాలి.

ఖరీదైన సామాన్లు ఏవీ ఆయన దగ్గర లేవు. చెట్టు నీడలా మచ్చలు మచ్చలుగా వెలుగు పడాలంటే ఎండకు అడ్డంగా శనక్కాయల జల్లెడ పట్టిస్తాడు. కెమెరా మెత్తగా జరగాలంటే అరటిపండ్ల తోపుడుబండి అడిగి తెచ్చి, చక్రాల్లో గాలి కొంచెం తీసి, దాని మీద కూర్చుంటాడు. గండికోట లోయ అంచున కొత్త జంటలు చేతులు చాపి నిలబడి తీయించుకునే వీడియోల్లో ఎవరివి కదలకుండా, కళ్లు తిరగకుండా ఉన్నాయో చూడండి. అవి ఈ బండి మీద తీసినవే.

ఆయన గురించి ఇంకో రెండు సంగతులు చెప్పకపోతే అసలు కథ అర్థం కాదు. మొదటిది, ఆయన తీసింది ఏదీ పారేయడు. వంకరగా వచ్చింది, చీకటి పడింది, ఎవరో అడ్డం వచ్చింది, అన్నీ దాస్తాడు. గది నిండా క్యాసెట్లు, వాటి తర్వాత సీడీలు, వాటి తర్వాత హార్డ్ డిస్కులు. ఎవరింట్లోనైనా పెద్దాయన పోతే, ఫొటో ఒక్కటీ లేదని ఏడుస్తూ ఆయన దగ్గరికే వస్తారు. ఏ పెళ్లిలో ఆ పెద్దాయన ఏ బంతిలో కూర్చుని అన్నం తిన్నాడో వెతికి, ఆ ఐదు సెకన్లు తీసి ఇస్తాడు.

రెండోది, కెమెరా పట్టుకున్నప్పుడు ఆయన రెండో కన్ను మూయడు. కుడికన్ను కెమెరాలో, ఎడమకన్ను పందిట్లో. తలంబ్రాలు తెచ్చే పళ్లెం ఎటు నుంచి వస్తోంది, మేనమామ ఎప్పుడు లేవబోతున్నాడు, ఎవరికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అన్నీ ఆ ఎడమకన్ను ముందే కనిపెడుతుంది. “సినిమావోళ్లకు బాగలేకుంటే మళ్లా తీసుకుంటారు. తాళి రెండోసారి కట్టు నాయనా అని నేను అడగగలనా?” అంటాడు.

ఇక తనూజ సంగతి. రెండేళ్ల కిందట, వినాయక చవితి దాటిన వారానికి, ఈ అమ్మాయి ఆయన గదికి వచ్చింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. పెన్న ఒడ్డున సుద్దమిట్ట అని ఒక ఊరు ఉండేది. కొత్త జలాశయం నిండితే మునిగిపోయే ఊరు. ఆ ఊరి పిల్ల. సొంతంగా ఒక పాట రాసి, ప్రొద్దుటూరులో తెలిసినవాళ్ల దగ్గర బీటు కట్టించి రికార్డు చేసుకుని వచ్చింది. దానికి వీడియో కావాలి. పాట నేనూ విన్నాను. కుర్రకారు ఎగిరే బీటే, కానీ ఆఖరి చరణం దగ్గర ఆ బీటు తగ్గి మాట నిలబడుతుంది. “నీళ్లు లేక ఏడ్చినూరు, నీళ్లొచ్చి మునిగినూరు” అని మొదలై “నడిచొచ్చి తలుపు తీస్తే నవ్వుతాది నా ఇల్లు” అని ముగుస్తుంది. అది వినగానే నేను ఎండ ఎక్కువగా ఉందని లోపలికి వెళ్లిపోయాను.

“గండికోటలో తీద్దాంలేమ్మా, అందరూ ఆడే తీసుకుంటారు” అని నేనే సలహా ఇచ్చాను.

“గండికోట వద్దన్నా. మా ఇంటికాడ తియ్యల్ల” అంది తనూజ.

ఆ ఇల్లు ఎంతకాలం ఉంటుందన్నదే సమస్య. ముంపు ఊళ్లలో జనం ఊరికే లేచిపోరు. తలుపులు, దూలాలు, నాపబండలు అన్నీ ఊడదీసుకుని ప్రభుత్వం ఇచ్చిన పునరావాస కాలనీకి తీసుకుపోతారు. ఎవరి ఇల్లు వాళ్లే పడగొట్టుకోవాలి. సుద్దమిట్టలో అందరూ పడగొట్టుకుని పోయారు. తనూజ వాళ్ల అమ్మ రామలక్ష్మమ్మ మాత్రం కాలనీకి మారినా, ఇల్లు పడగొట్టడాన్ని రేపు, ఎల్లుండి అంటూ జరుపుకుంటూ వచ్చింది. నీళ్లు ఊరి శివారు వేపచెట్లను తాకాయి. ఇంకో పది రోజుల్లో వీధిలోకి వస్తాయి. వచ్చే బుధవారం జేసీబీ వస్తుందని, ఈ లోపలే తీయాలని తనూజ చెప్పింది.

“జేసీబీ వచ్చి ఇల్లు పడేది గూడా తీద్దామా? పాటకు బాగుంటాది” అన్నాడు కంబన్న.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. “పడేది మా యమ్మ సూసి తట్టుకోలేదు మామా. మా నాయన పోయినప్పుడు గూడా ఈ ఇంటికి ఏడ్సినంత ఏడ్సలేదు మా యమ్మ. ఈ పాట ఆమె కోసమే రాసినా. ఇల్లు నిలబడిండేది ఒకసారి సూపీయల్ల, అంతే.”

కంబన్న లేచి నా షాపులోకి పోయాడు. నా కౌంటరు మీద ఉన్న విజిటింగ్ కార్డుల దొంతర తెచ్చి బల్ల మీద నిలబెట్టి, కెమెరా పెట్టి, వేలితో తోసేశాడు. కార్డులన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి. దాన్ని కంప్యూటర్‌లో వెనక్కి నడిపించి చూపించాడు. నేల మీది కార్డులు ఒక్కొక్కటే ఎగిరి వచ్చి దొంతరగా నిలబడ్డాయి.

“పడేది సూపీయం పాపా. లేసేది సూపిద్దాం” అన్నాడు.

తనూజ రెండు చేతులతో నోరు మూసుకుంది. కార్డులు ఏరుకునే పని మాత్రం నాకే మిగిలింది.

చెప్పినంత సులువు కాదది. బొమ్మను వెనక్కి నడిపిస్తే పాడే అమ్మాయి పెదాలు కూడా వెనక్కే కదులుతాయి. కాబట్టి తీసేటప్పుడు ఆఖరి చరణం మొత్తం చివరి శబ్దం నుంచి మొదటి శబ్దం దాకా తిరగేసి పాడాలి. అప్పుడే తెర మీద మాట సరిగ్గా కలుస్తుంది. కంబన్న పాటను తిరగేసి ఫోన్‌లో పెట్టి ఇచ్చాడు. అది ఏ దేశపు భాషో తెలియని గోల. అందులో మొదట వచ్చే ‘ఉల్లి’ ఒక్కటే నాకు అర్థమైంది, అది పాట చివరి మాట ‘ఇల్లు’ తిరగబడి వచ్చింది. తనూజ ఆ శబ్దాలను అచ్చం అలాగే నోటుబుక్కులో రాసుకుని ఆరు రోజులు కాలనీలో తిరుగుతూ బట్టీ పట్టింది. అది విన్న పక్కింటామె, పిల్లకు ఏదో గాలి సోకిందని రామలక్ష్మమ్మతో చెప్పి, స్వయంగా నిమ్మకాయ తెచ్చి దిగదుడిచింది. తనూజ ఆ దిష్టి తీయించుకుంటూ కూడా వల్లె వేస్తూనే ఉందట.

రామలక్ష్మమ్మను ఒప్పించడానికి నేనూ కంబన్నా కలిసి కాలనీకి పోయాము. ఆమె, ఆమె భర్త సుబ్బయ్య ఇద్దరూ నాపరాయి గనుల్లో పనిచేసినవాళ్లు. ఆ ఇంటికి పేర్చిన ప్రతి బండా వాళ్ల చేతుల మీదుగా వచ్చిందే. సుబ్బయ్య పోయి అప్పటికి మూడేళ్లు.

“అక్కా, నువ్వు పెద్దగా ఏం చెయ్యొద్దు. వీడియోలో నువ్వు నడిసిపోయి ఇంట్లోకి అడుగు పెట్టల్ల. అంతే” అన్నాడు కంబన్న.

ఆమె నవ్వింది. “ఆ ఇంటికి గృహప్రవేశమే చెయ్యలేదు నాయనా మేము. గోడలు లేసినాక వానలు పట్టుకున్న్యాయి. తలుపు లేదు. గోనెపట్ట కట్టుకుని దూరిపోతిమి. తలుపు పెట్టినాక టెంకాయ కొట్టి బాగ చేద్దామే అన్న్యాడు ఆయన. తలుపు వచ్చేలకు నాలుగేండ్లు పట్టింది. అప్పటికి ఇది పుట్టి పారాడతాండె. ఇంగ దేనికిలే అని నవ్వుకుంటిమి.”

“అట్లయితే కుడికాలు పెట్టి పోదువులే అక్కా” అన్నాడు కంబన్న.

తలుపు సంగతి వచ్చినప్పుడు నాకు ఇబ్బందైంది. అందరూ మొట్టమొదట తీసుకుపోయేది తలుపే. మరి తలుపు లేని ఇంట్లోకి ఎలా నడిచి వెళుతుంది? ద్వారబంధంతో సహా ఉంచితే జేసీబీ దాన్ని ముక్కలు చేస్తుంది. సుబ్బయ్య సొంతంగా కోయించిన వేపచెక్క అది. కంబన్న అడగలేక అడిగాడు. రామలక్ష్మమ్మ, “తలుపు దానికాడే ఉండనీ నాయనా. ఇంటి తలుపు ఇంటికి లేకుంటే ఎట్ల?” అంది. ఆ మాటతో పందెం పెద్దదైంది. ఇల్లు ఒకటే, తలుపు ఒకటే. పడేది ఒక్కసారే.

ఇక కుడికాలి లెక్క. వీడియోలో ఆమె కుడికాలు ముందు పెట్టి లోపలికి పోయినట్టు కనబడాలంటే, తీసేటప్పుడు ఆమె ఇంట్లోంచి వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి రావాలి. గడప దాటేటప్పుడు ఎడమకాలు ముందు బయటికి వచ్చి, కుడికాలు ఆఖరున రావాలి. దీన్ని తేల్చడానికి నా షాపు గడప మీద ఇద్దరం ఒక పూటంతా వెనక్కీ ముందుకీ నడిచాము. నేను కుడికాలే ముందు రావాలని వాదించి, అరిచి, చివరికి వీడియో చూసి ఓడిపోయాను. ఫ్లెక్సీ కోసం వచ్చిన ఒక నాయకుడి మనుషులు మమ్మల్ని చూసి, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లిపోయారు.

ముందు చరణాలన్నీ సోమ, మంగళవారాల్లో పూర్తయ్యాయి. నెమ్మదిగా ఎగిరే జుట్టు, జల్లెడ నీడలు, మొండిగోడల మధ్య తోపుడుబండి పరుగు. అన్నీ బాగానే కుదిరాయి. అవన్నీ ఒక ఎత్తు, బుధవారం ఒక ఎత్తు.

పొద్దున తొమ్మిది గంటలకు సుద్దమిట్టలో ఆ ఒక్క ఇల్లు నిలబడి ఉంది. చుట్టూ రాళ్ల కుప్పలు. జేసీబీ నడిపే ఓబుళేశు ముద్దనూరు వైపు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. జేసీబీని ఇంటి వెనక, కెమెరాకు కనబడకుండా, కంబన్న చెయ్యి మాత్రం అతనికి కనబడేలా వారగా నిలబెట్టించాడు కంబన్న. “నేను ఎర్ర తువ్వాలు కింద పడేసినప్పుడు వెనకనుంచి తొయ్యి. గోడ ముందరికి పడల్ల. అంతకు ముందు కదలాకు” అని మూడుసార్లు చెప్పాడు. ఇంటికి నలభై అడుగుల దూరంలో తనూజ, ఆమెకు ఎదురుగా తోపుడుబండి మీద కంబన్న. బండి నెట్టేది తనూజ స్నేహితురాలు. తిరగేసిన పాటను స్పీకరులో మోగించే పని నాది. ఆ చరణం నిమిషం పది సెకన్లు. మధ్యలో ఆగితే పెదాలు తప్పుతాయి కాబట్టి, ఏం జరిగినా ఆపవద్దని నాకు ఆజ్ఞ.

పాట మొదలైంది. తనూజ పెదాలు కదలడం మొదలైంది. వెనక ఇంటి తలుపులోంచి రామలక్ష్మమ్మ వీపు కనబడింది. ఆమె ఇంటినే చూస్తూ వెనక్కి అడుగులు వేస్తోంది. ఇల్లు వదిలిపోయేవాళ్లు మామూలుగా ఇంటికి వీపు పెట్టి పోతారు. ఈమెకు మాత్రం ఆఖరి అడుగు దాకా ఇల్లు కళ్ల ముందే ఉంది. గడప దగ్గర ఎడమకాలు బయటికి వచ్చింది, తర్వాత కుడికాలు. నేను ఊపిరి వదిలాను. ఆమె అలాగే వెనక్కి నడుస్తూ పక్కకు తప్పుకుని, ఇల్లు పడేది చూడకుండా రాళ్ల కుప్పల అవతలికి వెళ్లిపోయింది. కంబన్న తువ్వాలు కింద పడేశాడు.

జేసీబీ కదలలేదు. దాని తలుపు తెరుచుకుంది. ఓబుళేశు చేతిలో టెంకాయ పట్టుకుని కిందికి దిగి, చెప్పులు విడిచి, ఇంటి పక్కనుంచి ముందుకు నడిచి వస్తున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. తెర మీద ఆ మనిషి వెనక్కి వెనక్కి నడుస్తూ పిచ్చివాడిలా కనబడతాడు. పాట పరిగెత్తుతోంది, గోడ పడాల్సిన సమయం దాటిపోతోంది. గట్టిగా అరవబోయాను. కంబన్న కన్ను కెమెరాలోంచి తీయకుండానే ఎడమచెయ్యి నా వైపు చాపాడు. పెళ్లి పందిట్లో అడ్డం వచ్చేవాళ్లను ఆపే చెయ్యి అది. ఆ ఎడమకన్ను ఓబుళేశును నాకంటే ముందే చూసింది. చాపిన చెయ్యినే కొంచెం పక్కకు ఊపాడు. తోపుడుబండి మెత్తగా పక్కకు కదిలింది. నడిచి వస్తున్న ఓబుళేశు తనూజ ముఖం చాటుకు పోయాడు. అతను గడప దగ్గరికి చేరి వంగే సమయానికి కెమెరా ఆమె ముఖం అవతలి అంచు దాటింది. ఫ్రేములో గడప, రెండు చేతులు, టెంకాయ. ఒక్క దెబ్బ. నీళ్లు గడప మీద చిమ్మాయి, రెండు చిప్పలు రెండు పక్కలా పడ్డాయి. అతను దండం పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి బండి మళ్లీ కదిలి అతన్ని తనూజ చాటుకు పంపేసింది. ముప్పై ఏళ్లుగా ఎవరూ ముందుగా చెప్పని టెంకాయలను, ఎవరూ ఆగమంటే ఆగని చేతులను పట్టుకుంటూ వచ్చిన మనిషి చేసిన పని అది. సినిమాలు నేర్పే కాలేజీలో అది నేర్పుతారో లేదో నాకు తెలియదు.

అప్పటికి పాట అయిపోయింది. గోడ ఇంకా నిలబడే ఉంది. తనూజకు పాడటానికి ఇంక ఏమీ మిగల్లేదు. పాడే ధ్యాసలో ఉంటే వెనక చప్పుడు తెలియకుండా పోతుందనుకున్నాము. ఇప్పుడు ఆ పిల్ల నోరు మూసుకుని, తన వెనక ఇంజను మొదలవడం, బండలు ఒకదాని మీద ఒకటి కూలడం, వేపచెక్క విరగడం అన్నీ వింటూ నిలబడింది. తల తిప్పలేదు. ఒక్క కన్నీటి చుక్క చెంప మీదుగా దిగింది. దుమ్ము లేచి అందరినీ కప్పేసింది. అది పూర్తిగా అణిగి, రాళ్ల కుప్ప తెల్లగా కనబడేదాకా కంబన్న కెమెరా దించలేదు.

నేను తిన్నగా ఓబుళేశు మీదికి పోయాను. “ఎవరు కొట్టమన్న్యారయ్యా నిన్ను టెంకాయ? మూడుసార్లు చెప్పల్యా నీకు?”

“చెప్పినారన్నా. అందరూ మర్సిపోయినారని నేనే తెచ్చినా” అన్నాడు ఓబుళేశు. “మనుషులు కాపురం చేసిన ఇల్లన్నా అది. గడపకు ఒక టెంకాయ గూడా కొట్టకుండా ఎట్ల తాకుతా?”

నేను పోయి స్పీకరు వైర్లు చుట్టుకున్నాను. దారిపొడవునా కంబన్న కెమెరాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పాట అయిపోయాక పడింది గోడ, లెక్క మొత్తం తప్పింది, ఆ తల్లికి మాటిచ్చి తలుపు కూడా పోగొట్టానని ఆయన కుమిలిపోతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది.

మరుసటి రోజు మధ్యాహ్నం గోడ మీద కొట్టి పిలిచాడు. పోయాను. ఎప్పటిలాగే శబ్దం ఆపేసి పెట్టాడు. తెర మీద తెల్లటి రాళ్ల కుప్ప, దాని ముందు నోరు మూసుకున్న తనూజ. దుమ్ము ఎక్కడెక్కడి నుంచో వచ్చి రాళ్లలోకి దిగిపోయింది. బండలు ఒక్కొక్కటే లేచి గోడలో తమ చోటికి పోయాయి. విరిగిన వేపచెక్క అతుక్కుని ద్వారబంధమై నిలబడింది. తనూజ చెంప మీది కన్నీటి చుక్క పైకి పాకి కంట్లోకి వెళ్లిపోయింది. ఇల్లు పూర్తిగా నిలబడ్డాకే ఆ పిల్ల పెదాలు విచ్చుకున్నాయి. గడప మీది నీళ్లన్నీ రెండు చిప్పల్లోకి చేరాయి. చిప్పలు ఎగిరి ఆ చేతుల్లో కలిసి నిండు టెంకాయ అయ్యాయి. ఆ తర్వాత రామలక్ష్మమ్మ నడిచి వచ్చి, కుడికాలు పెట్టి, లోపలికి పోయింది.

నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది? కంబన్న అప్పటికే ఏడ్చి ఉన్నాడు.

ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ తీసుకుని కాలనీకి పోయాము. రామలక్ష్మమ్మ నేల మీద కూర్చుని చూసింది. గోడ లేస్తుంటే ఆమె చెయ్యి తనూజ మోకాలి మీద బిగుసుకుంది. టెంకాయ దగ్గర ముందుకు వంగింది.

“టెంకాయ గూడా కొట్టినారే!” అంది. “తలుపు పెట్టినాక చేద్దామన్న్యాడు. అట్లనే అయిపాయ.”

తెర మీద ఆమె లోపలికి పోయింది. బొమ్మ ముగిసింది. అప్పుడు జరిగింది పొరపాటు. ఒకటి అయిపోగానే దాని పక్కనున్న ఇంకో వీడియో దానంతటదే మొదలైంది. అది అసలుది, తిప్పనిది. అందులో తలుపులోంచి ఆమె వీపు వెనక్కి వెనక్కి బయటికి రావడం మొదలైంది.

రామలక్ష్మమ్మ చప్పున తెర మీద అరచెయ్యి పెట్టింది. “ఆపు నాయనా. లోపలికి పోయినాక ఇంగ అంతే. మళ్లా నన్ను బయటికి రానీయాకు.”

కంబన్న ల్యాప్‌టాప్ మూసేశాడు.

పాట యూట్యూబ్‌లో పెట్టాక లక్షల మంది చూశారు. హైదరాబాదు నుంచి ఎవరో డైరెక్టరు ఫోన్ చేసి, ఆ టెంకాయ కంప్యూటరులో చేసిందా, ఆ షాటు ఎన్ని టేకుల్లో ఓకే అయిందని అడిగాడట. “ఉండింది ఒకటే ఇల్లు గదా సార్” అని చెప్పి, ఆ మరుసటి రోజు మైలవరంలో పెళ్లి ఉంటే పోయాడు కంబన్న. నీళ్లు ఆ వారంలోనే సుద్దమిట్ట మీదికి వచ్చేశాయి.

పాట కింద జనమంతా మేకింగ్ వీడియో పెట్టండి, ఎలా తీశారో చూపించండి అని రాశారు. అది పెడితే ఇంకా పేరొస్తుందని నేనూ వెంటపడ్డాను. ఆయన తప్పించుకున్నంత కాలం తప్పించుకుని, చివరికి ఆ అసలు వీడియోను చెరిపేశానని చెప్పాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్లలో వంకరగా వచ్చిన బొమ్మను కూడా పారేయని మనిషి! నా యాపిల్ పండును ఇప్పటికీ దాచిన మనిషి!

“ఏమైంది కంబన్నా నీకు?” అని గట్టిగానే అరిచాను.

“ఆ యక్క లోపలికి పోయింది శేఖరా. మళ్లా ఎట్ల బయటికి పిలిచేది?” అన్నాడు. చింతపిక్కల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

నేను కంప్యూటరు ముందు బతికేవాణ్ని, నాకు తెలియనిది కాదు. ఉన్న వీడియోను మళ్లీ ఒకసారి వెనక్కి తిప్పితే చాలు, అసలుది వచ్చేస్తుంది. ఇల్లు కూలుతుంది, ఆమె బయటికి వస్తుంది. ఒక్క మీట నొక్కితే అయ్యే పని. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఈ రెండేళ్లలో ఇద్దరం దాన్ని నొక్కలేదు.